ద్రౌతంబువా చెట్టును నరికిందెవరు?

ఫిజీ రాజధాని సువాలో, డిటెక్టివ్ లోసాలినీ ఆఫీసుకు మేరెవాయి అవ్వ వచ్చింది. ఆమె వంశానికి చెందిన కొండమీద, అంతరించిపోతున్న ద్రౌతంబువా చెట్లు నాలుగే ఉన్నాయి. వాటిలో కాయ కాసే ఒక్కదాన్నీ మంగళవారం ఎవరో నరికేశారు. మొదలు పక్కన ఆమె మనవడు అపీసాయి గొడ్డలి దొరికింది. కలప అమ్ముకుందామని అంతకుముందే గొడవపడ్డవాడు కనుక, వచ్చే ఆదివారం అతన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టాలని పెద్దలు తీర్మానించారు.

"మీరూ నమ్మారా?" అని అడిగింది లోసాలినీ.

"నమ్మాను తల్లీ. తప్పని నువ్వు చెబితే బాగుండునని వచ్చాను."

మర్నాడు లోసాలినీ, ఆమె సహాయకుడు సెమీ కొండెక్కారు. కొట్టేసిన మాను ఎక్కడిదక్కడే పడి ఉంది. కొమ్మలకు ఒక్క కాయా లేదు, తొడిమలు మాత్రం మిగిలాయి. సెమీ అన్నీ రాసుకున్నాడు గానీ అతనికేమీ తోచలేదు.

సాక్షి ఒక్కడే, మొక్కల తోట నడిపే విలిసోనీ. ఆ రోజు తాను కొండెక్కనే లేదనీ, కింద బాటలో ఉండగా అపీసాయి గొడ్డలి వేయడం చూశాననీ చెప్పాడు.

"చెట్టెలా కూలింది?"

"పచ్చగా, నిండుగా... ఒక్కసారి ఒరిగిపోయిందమ్మా." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

దిగేటప్పుడు లోసాలినీ అదే బాటలో ఆగి, పైన మిగిలిన చెట్లను చాలాసేపు చూసింది.

సాయంత్రం సభాగృహంలో చాపలమీద అపీసాయితో సహా అందరూ కూర్చున్నాక ఆమె మొదలుపెట్టింది.

"కలప కోసమే అయితే మాను వదిలి కాయలు కోసుకుపోరు. గొడ్డలి తలుపులేని కొట్టంలో ఉండేది, ఎవరైనా తీసుకోవచ్చు. ఇక చూపు సంగతి. ఈ ఆకు అడుగువైపు తెల్లన. కింద బాటలోంచి చూస్తే చెట్టంతా వెండిలా కనిపిస్తుంది. పచ్చగా కనబడాలంటే పైగట్టున నిలబడాలి. విలిసోనీ, నువ్వు పైనే ఉన్నావు."

విలిసోనీ తల దించుకున్నాడు. అతని తోటలో వెతికితే, తడి నాచు కింద కాయలు దొరికాయి.

"విత్తనాలిమ్మని మూడేళ్లు అడిగాను, ఇవ్వలేదు," అన్నాడు మెల్లగా. "ఎక్కుదామంటే కొమ్మలు ఆగవు. ఈ జాతి బతకాలనే కొట్టానవ్వా."

"మరి నా మనవడు?"

ఆ కాయల నుంచి వచ్చే మొలకలను ఇకపై వంశమే పెంచుతుందని పెద్దలు తేల్చి, విలిసోనీని పోలీసులకు అప్పగించారు.

మేరెవాయి అవ్వ ఇంటికెళ్లి, తాళ్లు కట్టిన తిమింగలం దంతం తెచ్చింది. పెద్దల ముందు పెట్టి క్షమాపణ కోరే ఆ దంతాన్ని, మోకాళ్లమీద కూర్చుని మనవడి ముందుంచింది. ఒక పెద్దావిడ కుర్రవాడికి అలా చేయడం సెమీ ఎన్నడూ చూడలేదు.

అపీసాయి చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత రెండు చేతులూ చాచి అందుకున్నాడు.