జ్వరమొచ్చిన బెండకాయ పువ్వు

మార్కండేయులు నెత్తిన ఒక టోపీ, ఐదేళ్ళ కూతురు ఇందుజ నెత్తిన ఒక టోపీ, రెంటికీ మధ్య ఒక వైరు. ముందు తెల్లగుడ్డ, రంగుల పళ్ళేలు, అడ్డంగా కోసిన బెండకాయలు. డాక్టర్ సువర్చల స్విచ్ మీద వేలు పెట్టి నిలబడింది.

నాకు తెలిసిన సైన్సు పకోడీ పొట్లాల కాగితాల్లో చదువుకున్నదే. నూనె అంటినచోట అర్థం కాలేదు. అర్థమైనంత వరకు సంగతి ఇది. పెద్దవాళ్ళ బుర్రలో ఒక సూపర్‌వైజర్ ఉంటాడు. ఏం చెయ్యబోయినా "బాగాలేదు, నలుగురూ నవ్వుతారు" అంటాడు. నా వాడు ఈ వాక్యం దగ్గర కూడా గొణుగుతున్నాడు. పసిపిల్లల్లో వాడింకా డ్యూటీలో చేరడు. సువర్చల యంత్రం వాణ్ణి కరెంటులాగా బయటికి లాగేస్తుంది. కాకపోతే పెద్దా చిన్నా కలిసి ఒకే ఆటలో మునిగి ఉండాలి.

మార్కండేయులుది పెడన. కలంకారీ అద్దకానికి డిజైన్లు గీస్తాడు. కొన్నాళ్ళుగా ఏది గీసినా వాళ్ళ తాత గీసిన మామిడిపిందే వస్తోంది. ఈసారి బయ్యర్లకి కొత్తది చూపించకపోతే అద్దకం షెడ్డుకి తాళమే.

"లాగింది ఎక్కడికి పోతుందమ్మా? ఎర్త్ ఇవ్వాలిగా?" అన్నాడు.

"పాపే ఎర్త్. పిల్లల బుర్రలో అలాంటివి నిలవవండీ. జారిపోతాయి."

"జారకపోతే?"

"వైరు తిప్పి పెడితే మళ్ళీ మీకే వచ్చేస్తుంది. నేనున్నాగా."

ఇందుజకి ఇవేవీ పట్టలేదు. "నాన్నా, నీ పువ్వు ఉత్త బద్ధకం పువ్వు. నాది చూడు, దానికి జ్వరం!" అంటూ బెండకాయ నీలంలో ముంచి గుడ్డ మీద, మోకాలి మీద, డాక్టరమ్మ కోటు మీద అద్దేసింది.

స్విచ్ పడింది.

మార్కండేయులు కిసుక్కున నవ్వాడు. పువ్వుకి కాళ్ళు పెట్టాడు. కాళ్ళకి చెప్పులు తొడిగాడు. ఒక చెప్పు పోయింది. దాన్ని వెతకడానికి చేపల్ని పంపాడు. "ఇంకో బెండకాయ ఇటు పారెయ్యవే!" అని కేకేశాడు.

ఇందుజ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పువ్వుకి కాళ్ళుండవు నాన్నా," అంది. తన పువ్వుకేసి చూసుకుని, దాని మీద మరో గుడ్డ కప్పేసింది. "డాక్టరాంటీ, స్కేలుందా?"

"రేపటికి జారిపోతుంది," అంది సువర్చల. మర్నాడు జారలేదు. చేపల డిజైను బయ్యర్లకి పిచ్చిగా నచ్చింది, షెడ్డులో పగలూ రాత్రీ అద్దకం మొదలైంది, అప్పటికీ జారలేదు. బళ్ళో డ్రాయింగ్ పీరియడ్‌లో ఇందుజ చేతులు కట్టుకుని కూర్చుంటోంది. అడిగితే, "వద్దు టీచర్, బాగా రాదు," అంటోంది.

చివరికి సువర్చలే టోపీలు పట్టుకుని షెడ్డుకి వచ్చింది.

"వైరు తిప్పేద్దాం రండి. ఆలస్యమైతే ఇక ఊడదు."

"తిప్పితే నా చేపలు?"

"పోతాయి."

"అయితే ఈ ఆర్డరు కానివ్వండమ్మా. దీని తర్వాత ఇంకోటుంది, అదీ కానివ్వండి."

"పాపని చూస్తుంటే మీకేమీ అనిపించడం లేదా?"

మార్కండేయులు నిజాయితీగానే తన లోపలంతా వెతుక్కున్నాడు. "లేదండీ. ప్రాణం ఎంత హాయిగా ఉందో!"

సువర్చల చేతిలోని టోపీలకేసి చూసుకుంది. చేస్తున్నది తప్పని చెప్పవలసినవాణ్ణి ఆ తల్లోంచి లాగేసింది తనే.

"అయినా దానికేం లోటు?" అన్నాడతను మురిసిపోతూ. "గుడ్డలో ఎక్కడ వంకరున్నా ఇట్టే పట్టేస్తుంది. నా బంగారం!"

అద్దిన గుడ్డల్ని మూలన కూర్చున్న ఇందుజ ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూస్తోంది. సువర్చల పక్కన కూర్చుని, కోసిన బెండకాయ నీలంలో ముంచి అందించింది. పిల్ల అందుకుని రంగు కారకుండా శుభ్రంగా తుడిచింది.

"నాకు రాదాంటీ. నాన్నకివ్వండి. నాన్న బాగా వేస్తాడు."

మాట పూర్తి కాకుండానే మార్కండేయులు దాన్ని లాక్కున్నాడు. రంగులో ముంచి గుడ్డ మీద, తన మోకాలి మీద, కూతురి బుగ్గ మీద అద్దాడు.

"చూడవే, దీనికి జ్వరం!"

ఇందుజ బుగ్గ తుడుచుకుంది.

"పువ్వులకి జ్వరాలు రావు నాన్నా. వెళ్ళి చేతులు కడుక్కో."