పెంఫీల్డ్ గారి రాగి నాణెం

"ఇది పోతపోసిన నకిలీ. అంచున ఆ గీత కనబడటం లేదూ?"

అరవైమంది ఉన్న నాణేల సంఘం సమావేశంలో గిడియన్ వెల్స్ ఆ మాట అని నవ్వాడు. కనెక్టికట్ పాత రాగి నాణేల మీద పరిశోధన చేస్తున్నవాడు కదా అని అందరూ నవ్వారు.

తమ ఊరి కమ్మరి కూడా 1787లో నాణేలు కొట్టాడని నమ్మి, నలభై ఏళ్లు ఆధారాల కోసం తిరిగి, చివరికి ఆ నాణెం తెచ్చి చూపించిన ఎజ్రా పెంఫీల్డ్ మాత్రం టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన మనవరాలు డెలియా వెళ్లలేదు.

"కనీసం తూకం వేశారా?"

"చూస్తే తెలిసిపోతుందండీ."

"అబ్బో, కళ్లలోనే తక్కెడ పెట్టుకు తిరుగుతున్నారా?"

గిడియన్ చెవులు ఎర్రబడ్డాయి. "నాణెం ఇచ్చి వెళ్లండి. మైక్రోస్కోప్ కింద చూసి చెప్తాను."

నాలుగో రోజుకే తెలిసింది. అది పోత గీత కాదు, రాగి బిళ్లలో చీలిక. నాణెం మీది బొమ్మ మెడ వెనక, కొట్టిన అచ్చు పగిలి పడిన గుర్తు, మ్యూజియంలోని అసలు నాణెం మీది గుర్తుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది; రెండూ ఒకే అచ్చుతో కొట్టినవి.

కానీ ఆ నాణెం నకిలీ అంటూ అతను రాసిన వ్యాసం అప్పటికే ప్రెస్‌కు వెళ్లింది. "ఇంకా చూడాలి" అన్నాడు డెలియాతో.

అలా మూడు నెలలు గడిచాయి. అతని పరిశోధనకు పాత ఉత్తరాలు చదివిపెడతానంటూ ఆమె ప్రతి శనివారం లైబ్రరీకి వచ్చేది. వానొస్తే ఇద్దరికీ ఒకటే గొడుగు. ఆమె నవ్వినప్పుడల్లా అతని తల కిందికి వాలిపోయేది. సిగ్గరి అనుకుని ఆమె ఇంకా ఏడిపించేది.

ఓ శనివారం వానలో, అదే గొడుగు కింద నడుస్తూ ఆమె నవ్వలేదు.

"తాతయ్య నాణేలన్నీ అమ్మేస్తాడట. అసలూ నకిలీ తెలియనివాడికి ఇవెందుకు అంటున్నాడు."

"డెలియా, అది అసలైనదే."

"నిజంగా! ఇవాళే తెలిసిందా?"

"మొదటి వారంలోనే."

ఆమె గొడుగు అవతలికి నడిచింది.

"పరువు పోతుందని దాచాను. తర్వాత నువ్వు రావడం మానేస్తావని..."

"ఆ మాట ఇప్పుడు అనకు. దాన్ని కూడా పాడుచెయ్యకు."

వానలో తడుస్తూ వెళ్లిపోయింది.

తన వ్యాసం తప్పని గిడియన్ పత్రికకు రాశాడు. తర్వాతి సమావేశంలో, అదే హాలులో లేచి నిలబడ్డాడు. "పెంఫీల్డ్ గారిని అన్యాయంగా నవ్వులపాలు చేశాను. తప్పని తెలిశాక మూడు నెలలు దాక్కున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎజ్రా అసలు రాలేదు. గిడియన్ ఆయన ఇంటికి వెళ్లి, నాణెం చేతిలో పెట్టి, గుమ్మం బయటే తలెత్తకుండా నిలబడ్డాడు.

"హాల్లో వెనక నిలబడి అంతా విందిలే మా పిల్ల" అన్నాడు ఎజ్రా. "నాకు కోపం లేదని చెప్పను. చలిలో నిలబడితే మాత్రం ఏమొస్తుంది? లోపలికి రా."

డెలియా పొయ్యి దగ్గరుంది. పొయ్యి వైపే చూస్తూ అంది. "ఆ రోజు నిన్ను సగంలోనే ఆపేశాను. మిగతా మాట చెప్పు."

"నువ్వంటే ఇష్టం. నీ ముందు నిలబడాలంటేనే సిగ్గుగా ఉంది."

"ఉండాలి మరి. కొన్నాళ్లు ఉండనీ" అంటూ ఆమె మూడో గిన్నెలో సూప్ పోసింది.