గాడిద నంబర్ రెండు

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు మరిగేది అన్నయ్య కోపం.

"వీళ్ళకి కళ్ళు లేవమ్మా! రెండుసార్లు పంపితే రెండుసార్లూ అదే జవాబు. 'తెరవగానే ఖాళీ పేజీ వస్తోంది'ట. నా దగ్గర రానిది వాళ్ళకెలా వస్తుంది? మొద్దు వెధవలు."

"నువ్వు ముందు తిను నాన్నా. ఖాళీ కడుపుతో బుర్ర పనిచెయ్యదు," అంది తల్లి. నిండు కడుపుతో మాత్రం అది ఏ రోజు అద్భుతంగా పనిచేసిందో ఆవిడా చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అన్నయ్య ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచీ భోజనాల బల్ల అతని ఆఫీసు. మిగతా ముగ్గురూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తింటున్నారు. ఇంట్లో అందరూ అతన్ని మేధావి అంటారు. తల్లి గర్వంగా అంటుంది. తండ్రి ఎలా అంటాడో అతనెప్పుడూ చెవిపెట్టి వినలేదు.

గోడౌన్లున్న కంపెనీలు సరుకు లెక్కలకు వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానికి తగిలించుకునే చిన్న యాప్ అతను రాశాడు. గడువు దగ్గరపడిన సరుకు ఏ అరలో ఉందో అది ముందే చెబుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ యాప్‌ల మార్కెట్‌లో పెట్టాలంటే, వాళ్ళు పరీక్షించి సరేననాలి. మూడోసారీ తిరగ్గొడితే ఏడాదిదాకా మళ్ళీ పంపే వీల్లేదు. దీన్ని కొంటామన్న మందుల కంపెనీ నెలాఖరు వరకే ఆగుతామంది. పరీక్షకు పట్టే రోజులు తీసేస్తే, పంపడానికి ఇవాళే ఆఖరి రోజు.

"ఏమే, స్క్రీన్‌షాట్లు అయ్యాయా?"

చెల్లెలు మందుల గోడౌన్‌లో డబ్బాలు లెక్కచూసే మనిషి. ఇవాళ ఆమెకు సెలవు. యాప్ ఎలా వాడాలో రాసిపెట్టడం, స్క్రీన్‌షాట్లు తియ్యడం మేధావికి చిన్నతనం కనుక ఆమె మీద పడ్డాయి.

"అయ్యాయి. అన్నయ్యా, ఆ ఖాళీ పేజీ నాకూ వచ్చింది. పోయినవారమే చెప్పాను."

"పిచ్చిపిచ్చిగా ఏదో నొక్కి ఉంటావు."

"లేదు. నీ లాగిన్‌తో తెరిస్తే బాగానే వస్తోంది. పనివాళ్ళ లాగిన్‌తో తెరిస్తేనే..."

"డబ్బాలు లెక్కపెట్టుకునేదానివి, నాకు ప్రోగ్రాములు నేర్పకు తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

"వాడి బుర్ర తినకే," అంది తల్లి వంటింట్లోంచి.

చెల్లెలు ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు బాగా అలవాటు. అందులో భయం లేదని ఇంట్లో ఒక్క తండ్రికే తెలుసు.

ఆయన కాఫీ కప్పు పెట్టడానికి బల్ల మీద చోటు వెతుకుతున్నాడు. ముప్పై ఏళ్ళు గోడౌన్‌లో మూటలు మోసిన మనిషి, ఇప్పటికీ కుడిభుజం కాస్త కిందికే ఉంటుంది. కొడుకు కప్పు కింద ఒక కాగితం కనబడింది. యాప్‌లో పనివాళ్ళ పేర్లున్న పేజీకి చెల్లెలు వారం క్రితం తీసిన స్క్రీన్‌షాట్ అది. అన్న చూస్తాడని అచ్చుతీసి పెట్టింది. దాని మీద ఏడెనిమిది కాఫీ మరకలున్నాయి, ఒకదాని మీద ఒకటి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "గాడిద ఒకటి, గాడిద రెండు, గాడిద మూడు. ఎవర్రా వీళ్ళు?"

మేధావి తలెత్తలేదు. "ఎవరూ కాదు నాన్నా. పరీక్ష కోసం ఉత్తుత్తి పనివాళ్ళు. ఏదో ఒక పేరు పెట్టాలిగా."

"పక్కన పనులు కూడా రాశావే. గాడిద మూడు, డబ్బాల లెక్క." ఆయన కూతురి వైపు చూడలేదు. కాగితాన్ని వెలుతురులోకి జరుపుకున్నాడు. "గాడిద రెండు, మూటలు ఎత్తడం. ఇది నేనా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"అబ్బా, సరదాకి పెట్టాను నాన్నా! ఎవరు చూస్తారు దాన్ని?"

"నేను చూశాను," అంది చెల్లెలు. "నువ్వూ చూస్తావని నీ కప్పు పక్కన పెట్టాను. నువ్వు కప్పు కింద పెట్టుకున్నావు."

"ఇప్పుడా ఈ రామాయణం? సాయంత్రంలోగా పంపాలి నేను!"

"పంపు. మళ్ళీ తిరిగొస్తుంది." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు రోజూ యజమాని లాగిన్‌తో తెరుస్తావు. యజమానికి అన్నీ తెరుచుకుంటాయి. పనివాళ్ళకి అనుమతి రాయడం నీకు గుర్తే లేదు. అన్నయ్యా, మా యజమాని గోడౌన్‌లోకొచ్చేది ఫొటోలు దిగడానికి. గడువు తేదీలు చూసేది గాడిద నంబర్ మూడు. ఎవరి కోసం రాశావో ఆ గాడిదకే నీ యాప్ తెరుచుకోదు. మొద్దు వెధవలు మార్కెట్ వాళ్ళా?"

మేధావి నోరు తెరిచాడు. అంతలో తండ్రి కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"నా పేరుతో తెరవనీ రా. చూద్దాం."

గాడిద రెండు లాగిన్, పాస్‌వర్డ్ చెల్లెలు చెబుతుంటే ఆయన ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. యాప్ గుర్తు మీద నొక్కాడు.

తెల్లటి పేజీ వచ్చింది.

ఆయన కాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ముందుకు వంగాడు. మళ్ళీ తీసి నోటి ఆవిరి పట్టించి తుడిచాడు. "ఏదో నేనే తప్పు నొక్కినట్టున్నాను రా. నాకివి చేతకావు," అని మూడోసారి తియ్యబోయాడు.

మేధావి ఆ చేతిని పట్టుకున్నాడు.

"తుడవకు నాన్నా. లోపం కళ్ళజోడుది కాదు. నువ్వేం తప్పు నొక్కలేదు. అక్కడ ఏమీ లేదు. నేను పెట్టలేదు."

తండ్రి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చేతి మీద కొడుకు కన్నీళ్ళు రెండు పడ్డాయి.

ముఖం తుడుచుకుని అతను చెల్లెలి వైపు తిరిగాడు. "పనివాళ్ళు ఏమేం చూడాలి? ఏం మార్చగలగాలి? నువ్వు చెప్పు, నేను రాస్తాను."

ఆమె వెంటనే చెప్పలేదు. అతని కప్పు తీసుకెళ్ళి కడిగి, తుడిచి, బల్లకు దూరంగా పెట్టింది. అప్పుడొచ్చి పక్కన కూర్చుంది. "ముందు పేర్లు మార్చు."

"ఏం పెట్టను?"

"వాళ్ళ పనే పేరుగా పెట్టు. లెక్క చూసే మనిషి, మూటలెత్తే మనిషి. 'మనిషి' మాత్రం మర్చిపోకు."

మధ్యాహ్నందాకా ఆమె చెప్పింది, అతను రాశాడు. స్క్రీన్‌షాట్లు ఈసారి అతనే తీశాడు. చివరికి తండ్రి మళ్ళీ ఒక్క వేలితో తెరిచి, "నాలుగో అర, దగ్గు మందు, ఇంకా పదకొండు రోజులు," అని పైకి చదివాడు. పొద్దుగూకేలోపు పంపేశారు.

నాలుగో రోజు మార్కెట్ వాళ్ళ జవాబు వచ్చింది. సరేనన్నారు.

ఆరోజు బల్ల ఖాళీ అయింది. నలుగురూ కూర్చుని తింటున్నారు. తల్లికి మొదటినుంచీ ఒకటి మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

"రెండు మీ నాన్న, మూడు చెల్లెలు. మరి ఆ ఒకటో గాడిద ఎవర్రా?"

మేధావి చెల్లెలి కంచంలో కూర వడ్డిస్తున్నాడు. చెయ్యి ఆగింది.

"ఇన్నాళ్ళూ నాకూ తెలియలేదమ్మా," అన్నాడు. "మొన్న నాన్న కళ్ళజోడు తుడుచుకుంటుంటే తెలిసింది."