కంచె అవతలి నీడ

గువ్వకు ఏమీ తేలడం లేదు. నాన్న కొత్తగా కొన్న స్థలంలో, కంచె పక్కన తవ్విన గొయ్యి ముందు కూర్చుంది. ఎదురుగా రెండు మొక్కలు. ఒకటి నీలగిరి, ఇంకోటి నిద్రగన్నేరు.

"ఏది నాటాలో నువ్వే చెప్పు" అన్నాడు నాన్న.

రెండూ గబగబా పెరుగుతాయి. రెండూ ఇంటికన్నా ఎత్తుకు ఎదుగుతాయి. నీలగిరి నిటారుగా పెరుగుతుంది కానీ నీళ్లు తెగ తాగుతుందట. అది టీచర్ మాట. నిద్రగన్నేరు గొడుగులా పరుచుకుంటుంది కానీ గాలివానకు కొమ్మలు విరుగుతాయట. అది నర్సరీ ఆయన మాట. అమ్మేమో, "నాకు నీడ ఉంటే చాలు" అంది. అందరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకున్న కొద్దీ గువ్వకు అయోమయం పెరిగింది.

"బుర్ర తిరుగుతోంది నాన్నా!"

"తిరగనీ. ఎక్కడో ఒకచోట ఆగుతుందిలే."

చివరికి గువ్వ నిద్రగన్నేరును గోతిలో దించింది. మట్టి వేయబోతుంటే, కంచె అవతల కూరగాయలు పండించే అత్త నీళ్ల పైపు పట్టుకుని వచ్చింది.

"ఏం మొక్క తల్లీ అది?"

"నిద్రగన్నేరు అత్తా! బోలెడు నీడ ఇస్తుంది."

అత్త నవ్వలేదు. కంచెను ఆనుకుని ఉన్న తన టమాటా మొక్కల వైపు చూసింది.

"ఆ నీడ ఎటు పడుతుందమ్మా? ఎండ లేకపోతే ఇవి కాయవు. నా ఇల్లు గడిచేది వీటి మీదే."

గువ్వ గాభరాగా, "పోనీ, నీలగిరి వేస్తాం" అంది.

"దాని వేళ్లు నా బావి దాకా వస్తే?"

గువ్వ నోట్‌బుక్ తిరగేసింది. అందులో నీడ ఎటు పడుతుందో లేదు. వేళ్లు ఎంత దూరం పోతాయో లేదు. అంతమందిని అడిగింది కానీ, కంచె అవతలి అత్తను అడగనే లేదు. గువ్వ నోట్‌బుక్ మూసేసింది.

"సారీ అత్తా. నాన్నా, ఇక్కడ వద్దు."

"పొద్దుటి నుంచి తవ్వానే!"

"నేను పూడుస్తాగా."

మొక్కను జాగ్రత్తగా పైకి తీసి, గువ్వ రెండు చేతులతో గోతిలోకి మట్టి నెట్టింది. తర్వాత నాన్నను స్థలం అవతలి మూలకు తీసుకెళ్లింది. అక్కడ గోడ పక్కనే సైకిల్ రిపేరు షాపు ఉంది.

నాన్న గడ్డపార ఎత్తాడు.

"ఆగు నాన్నా, ఒక్క నిమిషం."

గువ్వ షాపు దగ్గరికి పరుగెత్తింది.

"అంకుల్, ఈ గోడ పక్కన పెద్ద చెట్టు పెరిగితే మీకేమైనా ఇబ్బందా?"