మాట అందుకునే మనిషి

"ఇంతమంది ఎందుకొస్తున్నారమ్మా? ఎవరైనా పోయారా?"

తండ్రి చొక్కాకి గుండీలు పెడుతున్న ఆమె చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. పక్కగదిలో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. బల్ల మీద అమ్మ ఫోటో, దాని ముందు పూలు. కాసేపట్లో అమ్మ సంస్మరణ సభ. అందులో మొదట మాట్లాడవలసింది నాన్నే!

"అమ్మ కోసం నాన్నా..." అంది.

"మీ అమ్మ లోపలుంటుంది. పిలువు," అన్నాడాయన తేలిగ్గా.

దుఃఖంలో మనిషి ఏదో అంటాడులే అని వారం రోజులుగా సరిపెట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు కూడా సరిపెట్టుకునేదే. కానీ గుమ్మంలో నిలబడ్డ తన కూతురి ముఖం పాలిపోయింది. అది ఆశ్చర్యం కాదు... దొరికిపోయిన ముఖం! కాలేజీ చదువు కోసం ఆ పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. ఆమె కూతుర్ని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

"నీకు తెలుసా?"

"తాతయ్యకి రెండేళ్లుగా ఇంతేనమ్మా..." పిల్ల కళ్లు నిండిపోయాయి. "అమ్మమ్మ డాక్టరుకి చూపించింది. మందులు నేనే తెచ్చేదాన్ని. ఎవరికీ చెప్పనని అమ్మమ్మ ఒట్టు వేయించుకుంది."

"కన్నతల్లికి కూడా చెప్పకూడనంత ఒట్టా!"

"నీకైతే అసలు చెప్పొద్దంది. 'మీ అమ్మ పంతులమ్మ. తెలిసిందంటే ఆయన్ని కూర్చోబెట్టి పరీక్ష పెడుతుంది. ఇవాళ ఏ వారం, వీళ్లెవరు అని అడుగుతుంది. పాపం, ఆయన తప్పుతారే...' అంది."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. తల్లి తనను ఎంత బాగా చదివింది!

ఈ ఇంటి ముందుగదే నాన్న కుట్టుపని కొట్టు. ఎవరి కొలతలూ రాసుకునేవాడు కాదు. ఒకసారి మెడకి టేపు చుట్టాడంటే మళ్లీ పదేళ్లకి వచ్చినా ఆ మనిషి భుజం, చెయ్యి పొడుగు చెప్పేసేవాడు. ఊరంతా వింతగా చెప్పుకునే జ్ఞాపకం ఆయనది. పక్కనే చిన్న పీట మీద కూర్చుని కాజాలు కుట్టింది అమ్మ. పిల్లలిద్దర్నీ ఆ మిషను చప్పుడులోనే జోకొట్టింది, మనవరాలి స్కూలు బట్టలకి కూడా తనే మడతలు కుట్టింది. జీవితమంతా ఆయన వెనక నెమ్మదిగా మసలిన ఆ మనిషి ముసలితనంలో, ఈ రెండేళ్లుగా, ఉన్నట్టుండి నోరుగలదైపోయింది! గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా, "ఏమండీ, ఎవరొచ్చారో చూడండి! మీ చెల్లెలు!" అని ఇల్లెగిరిపోయేలా కేకవేసేది. ఆయన మాట మొదలుపెడితే చాలు, అందుకుని తనే పూర్తిచేసేది. "నాన్న నోటికి కుట్టేసింది అమ్మ. ఈ ఇంట్లో అసలు టైలరు ఆవిడే!" అని తమ్ముడు వేళాకోళం చేసేవాడు. అందరితోపాటు అమ్మా నవ్వేది.

కిందటిసారి వచ్చినప్పుడు తనేమంది? "ఆయన్ని ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వమ్మా! మా క్లాసు పిల్లలైనా నయం..." అమ్మ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. "నా నోరు అంతేలేవే," అంది. అంతే!

"అమ్మమ్మ ఇంకో మాట అనేదమ్మా," కూతురు వెక్కుతూ చెప్పింది. "'నన్ను గయ్యాళి అననీ, నాకేం పోతుంది? ఆయన్ని చూసి మాత్రం ఎవరూ నవ్వకూడదు' అనేది."

"అక్కా! టైమైంది, నాన్నని తీసుకురా!" తమ్ముడి కేక.

ఆమె పరుగున వెళ్లింది. "ఒరేయ్, నాన్న మాట్లాడొద్దురా. వదిలెయ్యి."

"ఎందుకొద్దు? ఈ రెండేళ్లూ అమ్మ మాట్లాడనివ్వలేదు. ఇవాళైనా నోరు విప్పనీ!" అతను తండ్రి భుజం చుట్టూ చెయ్యివేసి నడిపించుకుపోయాడు. అంతమందిలో ఏం చెప్పి ఆపగలదు? చెబితే, అమ్మ రెండేళ్లు దాచింది ఒక్క నిమిషంలో బజారున పడదూ!

గది నిండా జనం. ఆయన బల్ల దగ్గర నిలబడ్డాడు. ఫోటో వంక చూశాడు, జనం వంక చూశాడు.

"మా ఆవిడ..." అని ఆగాడు.

అందరూ ఎదురుచూస్తున్నారు. ఎవరో దగ్గారు. ఆయన చూపు తలుపు వైపు పోయింది... వంటింటి వైపు పోయింది... ఏ ముఖం మీదా నిలవడం లేదు. మాట అందుకునే మనిషి కోసం వెతుకుతున్నాడు!

"మా ఆవిడ... ఇప్పుడు వస్తుంది..."

ముందు వరుసలో ఒకావిడ కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకొకరు పక్కవాళ్ల చెవిలో ఏదో అనబోయారు.

"నువ్వుండు నాన్నా, నీకేం తెలుసు, నేను చెబుతా!" ఆమె గొంతు ఖంగుమంది. గబగబా వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"అదుగో! అచ్చం తల్లి పోలికే!" మేనత్త గట్టిగానే అంది. "మా అన్నయ్యని తల్లి మాట్లాడనివ్వలేదు, ఇప్పుడు కూతురు మొదలుపెట్టింది!"

గదిలో సన్నగా నవ్వులు. ఆ నవ్వు ఆమె మీద పడింది, ఆయన మీద పడలేదు. ఇదేనా అమ్మ మోసిన బరువు!

"అవునత్తయ్యా, అమ్మ పోలికే," అంది తల వంచకుండా. ఆ పైన కాజాల గురించి, పీట గురించి, మిషను చప్పుడులో నిద్రపోయిన పిల్లల గురించి చెప్పింది. పక్కన వింటున్న తండ్రి ముఖం మెల్లగా వెలిగింది. చెయ్యెత్తి, గాలిలో ఎవరి భుజం మీదో టేపు పెట్టినట్టు పెట్టాడు.

"ఎడమ భుజం కాస్త కిందికుంటుంది ఆవిడకి," అన్నాడు స్పష్టంగా. "కుట్టులో నేనే సర్దేస్తాను. ఎవరికీ తెలీదు."

మేనత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అందరూ వెళ్లాక, తండ్రిని మిషను దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. తమ్ముడు విసురుగా వచ్చాడు. "ఏంటక్కా ఇది! అంతమందిలో ఆయన్ని..."

ఆమె తండ్రి వైపు తిరిగి, ఇల్లెగిరిపోయేలా, "నాన్నా, ఎవరొచ్చారో చూడు! మన చిన్నోడు!" అంది.

అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఆ ముఖం విచ్చుకుంది. "చిన్నోడా! ఎప్పుడొచ్చావురా? అన్నం తిన్నావా?"

వారం రోజులుగా ఆ ఇంట్లోనే, ఆయన పక్క మంచం మీదే పడుకుంటున్న కొడుకు అక్క వంక చూశాడు. ఆమె తలూపింది. అతను కుట్టు మిషను పట్టుకుని, చిన్నపిల్లాడిలా అమ్మ పీట మీద కూలబడిపోయాడు.

అప్పుడే మనవరాలు మంచినీళ్లతో గుమ్మంలోకి వచ్చింది. కూతుర్ని చూసి ఆమె నోరు తెరిచింది. కానీ ఈసారి మాట ముందుగా అందుకున్నది తమ్ముడు.

"నాన్నా..." ఏడుపు మింగుకుని గొంతెత్తాడు. "ఎవరొచ్చారో చూడు! నీ మనవరాలు!"