వరుసబొమ్మలు

ఉదయం ఎనిమిదింటికి సంబరద్వీపం గేటు తెరుచుకోగానే మనుషుల కంటే ముందు బొమ్మలు కదిలాయి. అరల్లోంచి ఒక్కొక్కటే కిందికి దిగి, చొక్కా అంచులు సర్దుకుని, వేటి కుటుంబాల దగ్గరికి అవి నడిచి వచ్చాయి. గౌరునాయుడు తన బొమ్మ వంక చూడలేదు. ఎప్పుడూ చూడడు. తన ముఖమే పెట్టుకుని, తన నడకే నడుస్తూ, తన బట్టతలే మోస్తూ ఇంకొకడు పక్కకొచ్చి నిలబడితే అందులో చూసేదేముంది?

"మహాకెరటం రైడ్‌కి తొమ్మిది గంటలంట నాన్నా" అన్నాడు కొడుకు శరభ, బోర్డు చదివి. వాడి గొంతులో దిగులు లేదు. తొమ్మిది గంటలు నిలబడేది వాడు కాదు, వాడి బొమ్మ.

నాలుగు బొమ్మలూ వరుసలోకి వెళ్ళిపోయాయి. గౌరునాయుడు, భార్య, కొడుకు, కూతురు నలుగురూ నాలుగు దిక్కులకు విడిపోయారు. వంతు వచ్చినప్పుడు మణికట్టు మీది పట్టీ అదురుతుంది. అప్పుడు పరుగెత్తుకొచ్చి, బొమ్మల స్థానంలో కూర్చుని, నాలుగు నిమిషాలు కేకలు పెట్టి దిగిపోవడమే. 2081లో భీమిలి తీరానికి ఏడు కిలోమీటర్ల దూరాన, సముద్రంలో కట్టిన ఆ దీవిలో విహారమంటే అదే.

దీన్ని కనిపెట్టినవాళ్ళు పుస్తకాల్లో పెట్టిన పేరు ప్రతినిలుపు. ఇంగ్లీషులో స్టాండ్-ఇన్. జనం మాత్రం వరుసబొమ్మ అనే పిలిచారు. మొదటి రకం బొమ్మలు నోరులేనివి. ఎక్కడ పెడితే అక్కడ నిలబడేవి, ముందువాడు కదిలితే కదిలేవి. పెద్ద చదువులు చదివిన ఇంజనీర్లు ఆ పాటి చాలనుకున్నారు. ద్వీపం తెరిచిన రోజు మధ్యాహ్నానికల్లా నూటనలభై బొమ్మలు వరుస చివర తేలాయి. మన జనం గురించి వాళ్ళకెవరూ చెప్పలేదు మరి. 'బొమ్మే కదా, దానికేం తొందర' అని ఒకడు పక్కకు జరిపాడు. ఒకావిడ దాని చేతికి చంటిపిల్లాడి సంచి తగిలించి తను ముందుకెళ్ళిపోయింది. ఇంకొకడు దాని నెత్తి మీద రుమాలు వేసి ఆ చోటు తనదన్నాడు.

అప్పుడు తెలిసింది వాళ్ళకు, ఈ దేశంలో వరుసలో చోటు నిలవాలంటే కాళ్ళు చాలవు, నోరు కావాలని. దెబ్బలాడాలంటే పౌరుషం ఉండాలి. పౌరుషం ఉండాలంటే తానెవరో, తనకేం జరిగిందో, ఎవరి మీద ఏం కోపముందో తెలియాలి. అందుకని మనిషి తలకు ఇరవైయొక్క రోజులు ఒక పట్టీ కట్టి, స్వభావం, జ్ఞాపకాలు మొత్తం తోడి బొమ్మలో పోశారు. దానికి స్వభావముద్ర అని పేరు. ఒక మనిషికి ఒక్కసారే వేస్తారు. ఆ తర్వాత ఏ బొమ్మనూ ఎవడూ పక్కకు జరపలేకపోయాడు.

గౌరునాయుడు ఎనిమిదో తరగతిలో బడి మానేసి పంపుల మరమ్మతులో పడ్డవాడు. యంత్రాలంటే భయం లేదు, నమ్మకమూ లేదు. కోపమల్లా ఇంట్లోవాళ్ళ మీద. మొదటి ఏడు ఒక్కసారి వచ్చారు ఇక్కడికి. మరుసటేడు దసరాకీ ఎండాకాలానికీ వచ్చారు. తర్వాత నెలకోసారి. ఈ ఏడు ఇది పంతొమ్మిదోసారి. ఇంట్లో నలుగురూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడకుండా తిని లేస్తారు. సంబరద్వీపం అనగానే ముగ్గురి ముఖాల్లోనూ దీపాలు వెలుగుతాయి. ఇప్పుడు ఏకంగా ఇక్కడే కాపురం పెట్టేస్తామని ద్వీపవాసం దరఖాస్తు పెట్టారు. ముగ్గురి వేలిముద్రలూ పడ్డాయి. అతనిది సాయంత్రంలోగా పడాలి.

'వెయ్యను. ఇదే ఆఖరిసారి. వీళ్ళను ఇంటికి తీసుకుపోతాను' అని వారం క్రితమే గట్టిగా అనుకున్నాడు. దానికో దారి కావాలి కదా అని, బొమ్మలకు ముద్ర వేసే ముద్రాశాలకు నేరుగా వెళ్ళాడు.

అక్కడ డాక్టర్ విలాసిని అనే ఆమె ఉంది. బొమ్మలకు నోరు తెప్పించిన జట్టులో ఆమె ఒకతె. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని విన్నది.

"నా బొమ్మను తుడిచెయ్యాల మేడమ్."

"కుటుంబ పాస్‌లో ఒక్క బొమ్మ పోయినా పాస్ చెల్లదు, నాయుడుగారూ. మళ్ళీ ముద్ర వెయ్యడం కుదరదు. మీవాళ్ళెవరూ ఇక ఇక్కడికి రాలేరు."

"అదే గావాల నాకు."

"మీవాళ్ళను అడిగారా?"

"అడిగితే ఏటంటారో తెలీదేటి? రైడ్ల పిచ్చి పట్టింది మేడమ్ ఆళ్ళకి."

ఆమె కళ్ళద్దాలు కిందికి దించుకుంది. "మీ బొమ్మ మెడ వెనక చిన్న గుంట ఉంటుంది. మీ బొటనవేలు అక్కడ పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టండి. మీ వేలు తప్ప ఇంకెవరి వేలూ పనిచెయ్యదు" అంది. అతను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "నాయుడుగారూ, ఒక్క సంగతి. ప్రతి ట్రిప్పు అయ్యాక వరుసలో మాట్లాడుకున్నవి బొమ్మలు మరిచిపోతాయి. మళ్ళీ వచ్చినప్పుడు అన్నీ కొత్తగా మొదలుపెడతాయి. మేం పొయ్యనిది మాత్రం ఏదీ చెప్పవు. అబద్ధమాడటం వాటికి రాదు" అంది.

"నాకేటి పని ఆటి కబుర్లతో" అనుకుంటూ అతను మహాకెరటం వైపు నడిచాడు.

వరుస ఎంత పొడుగంటే మొదలెక్కడో కనపడదు. వేలకొద్దీ బొమ్మలు. అతను ఊహించుకున్నట్టు బిగుసుకుని లేవు. ఒకచోట నవ్వులు, ఒకచోట పోట్లాట. ఒక ముసలి బొమ్మ పక్కదాని భుజం మీద తల వాల్చి పాట పాడుతోంది. తొమ్మిది గంటలు ఒకరి పక్కన ఒకరు నిలబడి, ఎటూ పోయే వీల్లేకపోతే ఎవరైనా ఏం చేస్తారు? మాట్లాడుకుంటారు.

తనవాళ్ళ నాలుగు బొమ్మలూ కనపడ్డాయి. వాటికి ఇవతల, ఇనుప కంచెను ఆనుకుని ఉన్న చప్టా మీద చెప్పులు విప్పి ఎవరో కూర్చున్నారు. దగ్గరికి వెళితే భార్య ముత్యవేణి. బొమ్మ కాదు, మనిషే.

"ఇక్కడేటి చేస్తున్నావు? రంగులరాట్నం కాడికి ఎల్లేనన్నావు కదా?"

ఆమె ఉలిక్కిపడింది. తర్వాత తప్పించుకోలేననుకుందో ఏమో, పక్కకు జరిగి చోటిచ్చింది. "రంగులరాట్నమా? నాను దేన్నయినా ఎక్కి మూడేళ్ళయింది. పట్టీ అదిరినప్పుడు మీతో కూకుని దిగిపోడమే."

"మరెందుకొస్తన్నావు నెలకి రెండుసార్లు?"

ఆమె గడ్డంతో వరుస వైపు చూపించింది. అక్కడ గౌరునాయుడి బొమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ముత్యవేణి బొమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. శరభ బొమ్మ, కూతురు మిహిర బొమ్మ చెరోవైపు నుంచీ తలలు దగ్గరగా పెట్టి వింటున్నాయి.

"ఇయ్యి ఇనడానికా!"

"మెల్లగా మాటాడండి. పిల్లలింటారు."

"పిల్లలెక్కడున్నారు?"

"మిహిర ఆ పూలకుండీల ఎనకాల. శరభ నీళ్ళ టాంకు మెట్ల మీద. ఆళ్ళకి నాను కనపడనట్టే ఉంటాను, నాకు ఆళ్ళూ కనపడనట్టే ఉంటారు."

చూశాడు. నిజమే. పూల మధ్య నుంచి మిహిర జడ కొస కనపడింది. మెట్ల మీద శరభ మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, చెవి ఇటే వేసి కూర్చున్నాడు. తనొక్కడే గంటల తరబడి చేపలషో ముందు కునుకుతూ, వీళ్ళకు రైడ్ల పిచ్చి అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాడు.

"అదేటి చెప్పినా నాలోదే కదే. నానే చెప్పేవోణ్ణి కదా, అడిగితే."

"అడగలేదేటి? పద్నాలుగేళ్ళ నుంచి అడగలేదేటి?" అంది ఆమె. అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "ఉండండుండండి. ఇప్పుడు చెప్తాడు."

తన సంగతే వినడానికి తననే నోరు మూసుకోమంది. గౌరునాయుడు విన్నాడు.

"శరభ పుట్టిన రోజు నాను పనిలో లేను, వేణీ" అంటోంది బొమ్మ. "పంపు బాగుసేత్తా ఉండిపోయేనని చెప్పేను కదా నీకు..."

అతను కంచె మీద చెయ్యి వేసి అవతలికి దూకాడు. వెనకున్న బొమ్మలు ఒక్కసారిగా అరిచాయి. "ఏటయ్యా, మద్దిలో దూరతన్నావు? మేం పొద్దుట్నుంచీ నిలబడ్డాం!" అతను పట్టించుకోలేదు. తన బొమ్మ మెడ వెనక గుంట తడిమి, బొటనవేలు ఆనించాడు.

బొమ్మ తల తిప్పకుండానే అంది, "వచ్చేవా? తుడిచేత్తావా?"

"ఆఁ."

"సరే. ఈ మాట పూర్తి చెయ్యనీ. మద్దిలో ఉన్నాను."

"అది నీది కాదు."

"నీది కూడా కాకుండా దాచేవు కదా. మరెవురిదనుకోవాల?"

అతను కళ్ళు మూసుకుని నొక్కాడు. లోపల్లోపల లెక్కపెట్టాడు. పది అయ్యేసరికి బొమ్మ చెయ్యి గాలిలో ఎక్కడిది అక్కడే ఆగిపోయింది. ముఖంలోంచి అతని పోలికలన్నీ నీళ్ళింకినట్టు ఇంకిపోయాయి. నున్నటి తోలు మిగిలింది.

"ఏటి చేసేరండీ!" ముత్యవేణి కంచె పట్టుకుని అరిచింది. ఆమె అంత గట్టిగా అరవగా అతను ఏళ్ళ తరబడి వినలేదు. పూలకుండీలు దాటుకుని మిహిర వచ్చింది. శరభ మెట్లు దిగి వచ్చాడు. ముగ్గురూ కంచె అవతల నిలబడి, చచ్చిపోయినవాణ్ణి చూసినట్టు ఆ బొమ్మను చూశారు.

"మాట మద్దిలో ఉన్నాది" అంది ముత్యవేణి.

"ఆ బొమ్మ పని అయిపోయింది కదా, పక్కకి లాగెయ్యండి, ముందుకెల్దాం" అంది వెనక బొమ్మ.

"లాగరు. ఆ చోటు నాది" అన్నాడు గౌరునాయుడు. ఆగిపోయిన బొమ్మను ఎత్తి కంచెకు ఆనించి, అది నిలబడ్డ చోట తను నిలబడ్డాడు. కుటుంబ పాస్ పోయింది. ఇక ఇక్కడికి రావడమంటూ లేదు. ఇప్పుడు తను నోరు విప్పకపోతే ఈ ముగ్గురూ ఇంటికి వస్తారు గానీ, ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. అది అతనికి స్పష్టంగా తెలిసింది.

"తర్వాత?" అంది పక్కనున్న ముత్యవేణి బొమ్మ. దానికి మనిషి మారినట్టు తెలియలేదు.

కంచె అవతల నుంచి అదే గొంతు. "తర్వాత?"

అతను ఇద్దరిలో మనిషి వైపు తిరిగాడు. "ఆ రోజు... నాను పనిలో లేనే. ఆస్పత్రి దాకా వచ్చేను. గేటు కాడ వాచ్‌మన్ ఆపేసేడు. లోపలికి ఎల్లనివ్వలేదు. ఎంత బతిమాలినా..."

ముత్యవేణి అతని ముఖంలోకే చూస్తోంది.

"వాచ్‌మన్ ఎవుడూ లేడు" అంది. "దసరాకి చెప్పేడు మీ బొమ్మ. ఎండాకాలంలో చెప్పేడు. పోయిన నెల రెండుసార్లు చెప్పేడు. ప్రెతీసారీ ఒక్కలాగే చెప్పేడు. మీకు నోరిచ్చిన మొదటి నిమిషంలోనే వాచ్‌మన్‌ని పుట్టించేరు."

శరభ తండ్రి వైపు చూసి, చూపు దించుకోలేదు. వాడికీ తెలుసునన్నమాట. వాడు పుట్టిన రోజు సంగతి వాడికి బొమ్మే చెప్పింది.

గౌరునాయుడి చెవులు వేడెక్కాయి. పారిపోదామనిపించింది. ఆ రోజు ఆస్పత్రి దగ్గర కూడా అచ్చం ఇలాగే అనిపించింది. కంచె ఎత్తు నడుము దాకానే. దూకితే క్షణం పని. అతను రెండు చేతులతో ఇనుప కడ్డీని పట్టుకున్నాడు.

"మళ్ళీ చెప్పండి" అంది ముత్యవేణి. "మొదట్నుంచి. నిదానంగా."

"నాకు దానిలా చెప్పడం రాదే."

"రానక్కర్లేదు. మీలాగే చెప్పండి."

వరుస రెండడుగులు ముందుకు జరిగింది. అతనూ జరిగాడు. కంచె అవతల ముగ్గురూ అతనితోపాటే రెండడుగులు జరిగారు. గౌరునాయుడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"వాచ్‌మన్ లేడు" అన్నాడు. "గేటు బార్లా తీసే ఉన్నాది. లోపలినుంచి నీ కేక ఇనపడింది. నాకు బయమేసి, రోడ్డు దాటి, బస్సు షెల్టర్‌లో దాక్కున్నాను."