కాటా డిస్క్

సారపాక మెయిన్ రోడ్డు పక్కన కోటేష్‌కు చిన్న కంప్యూటర్ రిపేర్ షాపు ఉంది. ఆ రోజు పొద్దున్నుంచే ముసురు. మూడింటికే లైటు వేసుకోవాల్సి వచ్చింది. టేబుల్ మీద కర్ర డిపో వాళ్ల పాత హార్డ్ డిస్క్ కిర్రు కిర్రుమంటోంది. లారీలను తూచే కాటా సాఫ్ట్‌వేర్ మొత్తం అందులోనే ఉంది.

"అది ఇయ్యాల్నో రేపో పోయేటట్టుంది కోటేషూ," అని పొద్దున ఫోన్ చేశాడు డిపో యజమాని వెంకటప్పయ్య. "ఏ సిస్టమ్‌ల పెట్టినా కాటా లేవాలె. గట్ల ఒక డిస్క్ చేసియ్యి. సాయంత్రం మనిషిని పంపుత."

తెలియని పనేం కాదు. సిస్టమ్ లేవడానికి కావాల్సిన ఫైళ్లు, కాటా ఫైళ్లు ఒకచోటికి తీసి, అన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలుగా, అంటే ఇమేజ్‌గా కట్టి, ఖాళీ డీవీడీ డిస్క్‌లోకి రాయాలి. ఒక్కో ఫోల్డరే చూసుకుంటూ కిందికి వస్తుంటే, 'కెమెరా' అన్న పేరు దగ్గర కోటేష్ చేయి ఆగిపోయింది.

అది ఖాళీ. ఖాళీ చేసింది తనే.

ఆరు నెలల కింద డిపోలో, కాటా గదిలో కూర్చుని ఆ కంప్యూటరే బాగు చేస్తున్నాడు. అద్దాల తలుపు మూసి ఉంది. కూలర్ హోరు. చెవుల్లో పాటలు. అన్నాల వేళ, బయట ఇంకెవరూ లేరు. లారీ మీది జామాయిల్ దుంగలు జారి హమాలీ బద్యా మీద పడ్డాయి. కోటేష్ లేచి వచ్చేసరికే అంతా అయిపోయింది. "ఒక్క దెబ్బకే పానం పోయిందక్కా, ఏం తెల్వలేదు ఆయనకు," అని బద్యా భార్య ద్వాలికి చెప్పింది కోటేషే. అప్పటికి తనూ అలాగే అనుకున్నాడు.

మర్నాడు అదే కంప్యూటర్‌లో డిపో ఆవరణ కెమెరా వీడియో చూశాడు. బద్యా పదకొండు నిమిషాలు బతికే ఉన్నాడు. దుంగల కింద నుంచి మెడ తిప్పి కాటా గది అద్దం వైపే చూశాడు. ఆ కెమెరాకు మైకు లేదు. కానీ పెదాలు కదలడం కనిపించింది. ఒకటే మాట, మళ్లీ మళ్లీ. కోటేష్... కోటేష్...

ఎవరూ అడగకముందే చెరిపేశాడు. ద్వాలికి చెప్పిన మాట మాత్రం చెరపలేదు.

ఇమేజ్ తయారైంది. డిస్క్ రాసి, లోపల హార్డ్ డిస్కే లేని ఖాళీ కంప్యూటర్‌లో పెట్టి ఆన్ చేశాడు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పరిగెత్తాయి. ఇక కాటా రావాలి.

రాలేదు. డిపో ఆవరణ వచ్చింది. ఎండ. లారీ. దుంగల కింద... మనిషి.

కోటేష్ స్విచ్ ఆపేశాడు. ఇమేజ్ విప్పి ఒక్కో ఫైలూ వెతికాడు. వీడియో అన్నది ఎక్కడా లేదు. కెమెరా ఫోల్డర్‌నే వదిలేసి ఇంకో ఇమేజ్ కట్టాడు. కొత్త డిస్క్ తీసి రాశాడు.

మళ్లీ అదే ఎండ. అదే లారీ. కానీ ఈసారి బద్యా అద్దం వైపు చూడటం లేదు. తల పైకెత్తి... తెరలోంచి కోటేష్‌నే చూస్తున్నాడు.

పెదాలు కదిలాయి.

షాపు నిండా పచ్చి జామాయిల్ వాసన. గొంతులో మంట పుట్టేంత ఘాటు. కోటేష్ డిస్క్ బయటికి లాగి, మొదటిదానితో కలిపి రెండూ విరిచేశాడు. ప్లగ్గు పీకేశాడు. తెర నల్లగా అయింది. వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

"తమ్మీ..."

ఉలిక్కిపడి చూశాడు. గడప బయట ద్వాలి. నెత్తి మీద యూరియా సంచి కప్పుకుని, తడిసి ముద్దై నిలబడి ఉంది. బద్యా పోయాక అదే డిపోలో ఊడ్చే పనికి వస్తోంది.

"కాటా డిస్క్ తెమ్మన్నడు సారు."

"ఇంక... ఇంక కాలేదక్కా. రేపిస్త."

ఆమె కదల్లేదు. తల కాస్త పక్కకు వంచి, నల్లగా ఉన్న తెర వైపు చెవి పెట్టింది. స్పీకర్లు లేవు. కరెంటు తీగ నేల మీద పడి ఉంది. కోటేష్‌కు ఏమీ వినబడలేదు. ద్వాలి ముఖం మాత్రం మెల్లమెల్లగా మారిపోయింది. తమ లంబాడీ భాషలో ఏదో లోగొంతుతో జవాబిచ్చింది. ఆగింది. మళ్లీ విన్నది.

చాలాసేపు విన్నది.

తర్వాత కోటేష్ వైపు తిరిగింది.

"ఒక్క దెబ్బకే పోయిండంటివి గదా తమ్మీ... మరి నిన్నెందుకు పిలుస్తుండు?"